రొమ్ములో క్యాన్సర్ కాని గడ్డలు

స్త్రీల రొమ్ములో చేతికి తగిలే గడ్డల్లో అత్యధికం క్యాన్సర్ కావు. క్యాన్సర్ కణాల్లా ఇవి చుట్టూ ఉన్న కణజాలంలోకి చొచ్చుకుపోవు, శరీరంలో మరో చోటికి పాకవు. వైద్యులు వీటిని బినైన్ గడ్డలంటారు. ఫైబ్రోఎడినోమా, నీటితిత్తి, పాలతిత్తి, చీముగడ్డ, కొవ్వుగడ్డ, గ్రాన్యులోమాటస్ మాస్టైటిస్ లాంటివన్నీ ఈ కోవలోకే వస్తాయి. అయితే ఏ గడ్డ ఏ కోవదో వేలితో నొక్కి తేల్చడం ఎంత చెయ్యి తిరిగిన సర్జన్‌కైనా ప్రతిసారీ సాధ్యం కాదు. గడ్డకు పేరు పెట్టాల్సింది పరీక్షలే. పేరు తేలాక మాత్రం చాలా గడ్డలకు కత్తితో పని పడదు.

మన ఇళ్లలో దీనికి రెండు వైపులా తప్పులు జరుగుతున్నాయి. గడ్డ తగిలినా సిగ్గుతోనో భయంతోనో భర్తకు, తల్లికి కూడా చెప్పకుండా నెలల తరబడి దాచుకునేవాళ్లు ఒకవైపు. ఇరవయ్యేళ్ల అమ్మాయికి సెంటీమీటరు గడ్డ స్కానింగ్‌లో కనబడగానే, పెళ్లి సంబంధాలు చూడకముందే తీయించేద్దామని ఆపరేషన్‌కు తొందరపడే కుటుంబాలు మరోవైపు. మొదటిది ప్రాణం మీదికి తేవచ్చు. రెండోది ప్రాణం తీయదు కానీ, అనవసరమైన మచ్చను మిగుల్చుతుంది.

ఎందుకు పుడతాయి

ఒక్కో రొమ్ములో 15 నుంచి 20 దాకా పాలగ్రంథుల విభాగాలుంటాయి. వాటి చివర్లలోని చిన్న చిన్న గుత్తుల్లో పాలు తయారై, నాళాల గుండా చనుమొనకు చేరతాయి. గ్రంథుల మధ్య కొవ్వు, పీచు కణజాలం నిండి ఉంటాయి. ఈ మొత్తం ఏర్పాటు జీవితమంతా ఒకేలా ఉండదు. యుక్తవయసులో పెరుగుతుంది, ప్రతి నెలసరికీ హార్మోన్ల వల్ల కొంత ఉబ్బి తగ్గుతుంది, గర్భంలో పూర్తిగా వికసిస్తుంది, ముట్లుడిగే వయసుకు ముడుచుకుని కొవ్వుగా మారుతుంది. ఇన్ని మార్పులు జరిగే అవయవంలో ఎక్కడో ఒక చోట కొలత తప్పడం వింత కాదు.

బ్రిటన్‌లోని కార్డిఫ్‌కు చెందిన సర్జన్ ఎల్.ఇ. హ్యూస్, ఆయన సహచరులు 1987లో ఈ ఆలోచనకు ఒక పద్ధతి ఏర్పరిచారు. బినైన్ గడ్డల్లో చాలావాటిని రోగాలుగా కాక, సహజమైన ఎదుగుదలలో, ముడుచుకోవడంలో వచ్చిన చిన్న తేడాలుగా చూడమన్నారు. దీన్ని వైద్యులు ‘ఆండీ’ వర్గీకరణ అంటారు. గ్రంథులు ఎదిగే 15-25 ఏళ్ల మధ్య ఫైబ్రోఎడినోమా, నెలనెలా మార్పులు జరిగే నడివయసు ముందు నొప్పి, గట్టిదనం, ముడుచుకునే 35-55 ఏళ్ల మధ్య నీటితిత్తులు, నాళాల వెడల్పు ఎక్కువగా కనబడటానికి కారణం ఇందులో దొరుకుతుంది. గడ్డ ఏమై ఉండవచ్చో ఊహించడానికి వయసును మించిన ఆధారం లేదు. అందుకే 22 ఏళ్ల అమ్మాయి గడ్డనూ 52 ఏళ్ల ఆమె గడ్డనూ డాక్టరు ఒకే కంటితో చూడరు.

ఫైబ్రోఎడినోమా

పడుచు వయసులో వచ్చే గడ్డల్లో దీనిదే పెద్ద వాటా. 15 నుంచి 35 ఏళ్ల మధ్య ఎక్కువ. పీచు కణజాలం, గ్రంథి కణజాలం రెండూ కలిసి గుండ్రంగానో కోలగానో పెరుగుతాయి. సాధారణంగా 1 నుంచి 3 సెంటీమీటర్లు ఉంటుంది, నొప్పి ఉండదు. వేలితో నొక్కితే గోళీలా పక్కకు జారిపోతుంది. కొందరిలో ఒకటి కంటే ఎక్కువ, కొన్నిసార్లు రెండు రొమ్ముల్లోనూ ఉంటాయి. 5 సెంటీమీటర్లు దాటితే పెద్ద ఫైబ్రోఎడినోమా కింద లెక్క. పదహారు, పదిహేడేళ్ల పిల్లల్లో కొన్ని నెలల్లోనే అంత పెరిగి, ఒక రొమ్ము రెండోదానికంటే బాగా పెద్దదిగా కనబడేలా చేసే రకం కూడా ఉంది.

ఈస్ట్రోజెన్ దీనికి ఎరువు. గర్భంలో పెరగవచ్చు, ముట్లుడిగాక చాలావరకు ముడుచుకుంటుంది. సింగపూర్ పరిశోధకులు 2014లో ఈ గడ్డల్లో సగానికి పైగా వాటిలో మెడ్12 అనే జన్యువులో మార్పు ఉందని కనుగొన్నారు. గర్భాశయంలో వచ్చే ఫైబ్రాయిడ్లలో కూడా ఇదే జన్యువు దెబ్బతిని ఉంటుంది. బిగుతు బ్రా వేసుకోవడం, బ్రాలో ఫోన్ పెట్టుకోవడం, చిన్నప్పుడు దెబ్బ తగలడం వంటి కారణాలు ఇళ్లలో చెప్పుకుంటారు. వాటిలో దేనికీ ఆధారం లేదు.

ఫైబ్రోఎడినోమా క్యాన్సర్‌గా మారుతుందా అన్నది ప్రతి తల్లీ అడిగే ప్రశ్న. మామూలు ఫైబ్రోఎడినోమా లోపల క్యాన్సర్ కనబడటం అత్యంత అరుదు. అందువల్ల స్కానింగ్‌లోనూ ముక్క పరీక్షలోనూ ఫైబ్రోఎడినోమాగా తేలి, చిన్నదిగా ఉండి, పెరగని గడ్డను అలాగే వదిలేయవచ్చు. 6 నెలలకు, ఏడాదికి, రెండేళ్లకు స్కానింగ్‌తో కొలత చూసుకుంటే చాలు. కొన్ని వాటంతటవే చిన్నవవుతాయి, కొన్ని మాయమవుతాయి, ఎక్కువ భాగం ఉన్నచోటే ఉండిపోతాయి.

తీయాల్సిన సందర్భాలు వేరు. గడ్డ 3 సెంటీమీటర్లు దాటడం, ఆరు నెలల్లో ఐదో వంతుకు మించి పెరగడం, రొమ్ము ఆకారం మారడం, పరీక్షల ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగకపోవడం, ఎంత చెప్పినా గడ్డ ఉన్నామె మనసులో దిగులు పోకపోవడం. చివరిది కూడా న్యాయమైన కారణమే. ఆపరేషన్ చిన్నదే. చాలా సందర్భాల్లో చనుమొన చుట్టూ ఉండే నల్లటి వలయం అంచున కోసి, మచ్చ కనబడకుండా తీస్తారు. వ్యాక్యూమ్ సూదితో కొద్దికొద్దిగా లాగేసే పద్ధతి, గడ్డను అతిచల్లదనంతో చంపే క్రయోఅబ్లేషన్ కూడా ఉన్నాయి. అయితే ఒకటి తీసినంత మాత్రాన మరోటి రాదన్న హామీ లేదు. పది గడ్డలున్న అమ్మాయికి పది కోతలు పెట్టడం వైద్యం అనిపించుకోదు.

మన దేశంలో దీనికి ఒక మాత్ర కూడా వాడతారు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ తయారుచేసిన సెంట్‌క్రోమాన్ అది. 1991లో ‘సహేలి’ పేరుతో గర్భనిరోధక మాత్రగా వచ్చింది, ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ‘ఛాయ’ పేరుతో ఉచితంగా ఇస్తున్నారు. ఢిల్లీ ఎయిమ్స్ సర్జన్లు దీన్ని రొమ్ము నొప్పికీ ఫైబ్రోఎడినోమాకూ వాడి చూశారు. నొప్పి మీద బాగా పనిచేసింది, కొంతమందిలో గడ్డ కూడా తగ్గింది. నెలసరి ఆలస్యం కావడం దీనితో మామూలే. గర్భం కోరుకునేవాళ్లకు, పీసీఓఎస్, కాలేయ జబ్బు ఉన్నవాళ్లకు ఇది తగదు. మందుల షాపులో అడిగి కొనుక్కోవాల్సిన మాత్ర కాదు.

ఫైబ్రోఎడినోమాలాగే మొదలై వేరే దారి పట్టేది ఫిలోడీస్ గడ్డ. జర్మన్ శాస్త్రవేత్త యోహాన్నెస్ ముల్లర్ 1838లోనే దీన్ని వర్ణించాడు. ముప్పై దాటాక, ముఖ్యంగా నలభైల్లో, వేగంగా పెరిగే నున్నని గడ్డ అంటే దీన్ని అనుమానించాలి. ఇందులో నిరపాయకరమైనవి, మధ్యరకం, క్యాన్సర్ స్వభావం ఉన్నవి అని మూడు రకాలు. మూడింటికీ ఆపరేషనే మార్గం. చుట్టూ మంచి కణజాలం కొంత కలిపి తీయకపోతే అదే చోట మళ్లీ రావచ్చు. సన్నని సూదితో కణాలు లాగే పరీక్ష ఫైబ్రోఎడినోమాను దీని నుంచి సరిగా విడదీయలేదు. పెరుగుతున్న గడ్డకు సన్నసూది రిపోర్టు ఒక్కటే చూసి ఊరుకోకూడదనడానికి ఇదే కారణం.

తిత్తులు, నెలసరి ముందు గట్టిదనం

నలభై ఏళ్ల ప్రాంతంలో ఉన్నట్టుండి, రాత్రికి రాత్రే పుట్టినట్టు అనిపించే గడ్డ చాలాసార్లు నీటితిత్తే. స్కానింగ్‌లో లోపల నీళ్లు తప్ప మరేమీ లేకపోతే దాన్ని సాదా తిత్తి అంటారు. నొప్పి లేకపోతే దాని జోలికి వెళ్లనక్కర్లేదు. నొప్పి పెడితే సూదితో నీళ్లు తీసేస్తారు. ఆ నీళ్లు పచ్చగా, ఆకుపచ్చగా, గోధుమరంగులో ఉన్నా భయం లేదు. రక్తం కలిసి వస్తే, నీళ్లు తీశాక కూడా గడ్డ మిగిలితే, తిత్తి లోపల గట్టి భాగం కనబడితే మాత్రం ముక్క పరీక్ష చేయాలి. ముట్లుడిగిన తర్వాత హార్మోన్ మాత్రలు వాడనివారిలో కొత్తగా తిత్తి రావడం అంత సాధారణం కాదు, దాన్ని కాస్త జాగ్రత్తగా చూస్తారు.

నెలసరికి వారం ముందు రెండు రొమ్ములూ బరువెక్కి, పైభాగంలో చంక వైపు గింజలు గింజలుగా తగిలి, నెలసరి మొదలవగానే తగ్గిపోవడం ఎంతోమందికి అనుభవమే. రిపోర్టుల్లో దీన్ని ఫైబ్రోసిస్టిక్ మార్పులు అని రాస్తారు. ఆ మాట చూసి రోగమనుకుని కుంగిపోయేవాళ్లున్నారు, నిజానికి ఇది రోగం పేరు కాదు. ఒంటికి సరిపోయే బ్రా, నొప్పి ఎక్కువైనప్పుడు డైక్లోఫెనాక్ జెల్ రాయడం, గడ్డ లేదని తేలిన నిశ్చింత, ఈ మూడింటితో చాలామందికి తగ్గుతుంది. ఏళ్ల తరబడి రాసిచ్చిన ఈవెనింగ్ ప్రిమ్‌రోజ్ నూనె క్యాప్సూల్స్ ఉత్తుత్తి మాత్రల కంటే మేలు చేసినట్టు జాగ్రత్తగా చేసిన పరీక్షల్లో తేలలేదు. విటమిన్ ఇ కథా అంతే. కాఫీ మానేస్తే తగ్గుతుందన్నదానికీ గట్టి ఆధారం లేదు, మానేసి హాయిగా ఉన్నవాళ్లను మళ్లీ తాగమని ఎవరూ బలవంతపెట్టరు.

బాలింతల గడ్డలు, చీము, టీబీ

పాలిచ్చే తల్లికి ఒకచోట పాలు నిలిచి గట్టిపడటం, జ్వరం, ఎర్రదనం వస్తే అది వాపు. పాలివ్వడం ఆపకూడదు, ఆపితే పాలు మరింత నిలిచి పరిస్థితి ముదురుతుంది. బిడ్డకు ఆ పాల వల్ల హాని లేదు. చీము పట్టినా ఒకప్పటిలా పెద్దగా కోసి చీము తీయడం ఇప్పుడు మొదటి మార్గం కాదు. స్కానింగ్ చూస్తూ సూదితో చీము లాగి, యాంటీబయాటిక్ ఇస్తారు, అవసరమైతే రెండు మూడుసార్లు లాగుతారు. పాలతిత్తి అంటే నాళం మూసుకుపోయి పాలు నిలిచిన సంచి. సూది పెడితే పాలు వస్తాయి, దాంతోనే రోగనిర్ధారణా వైద్యమూ రెండూ ఐపోతాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పదు. గర్భిణికీ బాలింతకూ తగిలే ప్రతి గడ్డా పాలగడ్డే అనుకోవడం వల్ల ఆ సమయంలో వచ్చే క్యాన్సర్లు ఆలస్యంగా బయటపడుతున్నాయి. రెండు వారాల్లో తగ్గని గడ్డకు అల్ట్రాసౌండ్ తీయించాలి. గర్భంలో అది సురక్షితం, ముక్క పరీక్ష కూడా చేయవచ్చు.

రొమ్ములో క్షయ గురించి ఇంగ్లండ్ సర్జన్ ఆస్ట్లీ కూపర్ 1829లోనే రాశాడు. పశ్చిమ దేశాల పాఠ్యపుస్తకాల్లో దానికి నాలుగు వాక్యాలే దక్కుతాయి, మన దేశంలో మాత్రం డాక్టరు దాన్ని మరవకూడదు. చీము తీసినా మానకుండా కారుతూ ఉండే పుండు, చంకలో గ్రంథుల వాపు దీని గుర్తులు. నిర్ధారణ ఐతే టీబీ మందులు ప్రభుత్వం ఉచితంగానే ఇస్తుంది.

టీబీ అని పొరబడేది, క్యాన్సర్ అని కూడా భయపెట్టేది గ్రాన్యులోమాటస్ మాస్టైటిస్. 1972లో దీన్ని ప్రత్యేకమైన జబ్బుగా వర్ణించారు. కాన్పై కొన్నేళ్లైన, ముప్పైల్లో ఉన్న స్త్రీలలో ఎక్కువ. గట్టి గడ్డ, చర్మం ఎర్రబడటం, రంధ్రాలు పడి చీము కారడం, ఒకటి మానేలోపు మరోచోట లేవడం, ఇలా నెలల తరబడి సాగుతుంది. ముక్క తీసి క్యాన్సర్ కాదని, టీబీ పరీక్షలు చేసి అదీ కాదని తేల్చాకే ఈ పేరు పెట్టాలి. మైక్రోస్కోపు కింద టీబీని పోలిన గ్రాన్యులోమాలే (రోగనిరోధక కణాల గుంపులే) కనబడతాయి కాబట్టి, అనుమానంతో ఆరు నెలలు టీబీ మందులు మింగినవాళ్లూ ఉన్నారు. తరచూ కోయడం దీనికి మేలుకంటే కీడే చేస్తుంది. కొందరికి స్టెరాయిడ్లు ఇస్తారు, కొందరిలో ఏ మందూ లేకుండానే ఏడాది, రెండేళ్లలో చల్లారుతుంది. రోగికీ డాక్టరుకూ ఓపిక కావాల్సిన జబ్బు ఇది.

మిగిలినవి క్లుప్తంగా. బండి హ్యాండిల్, సీటు బెల్టు లాంటివి గట్టిగా తగిలాక లోపలి కొవ్వు చచ్చి గట్టిపడవచ్చు. పైన చర్మం సొట్టపడి అచ్చం క్యాన్సర్‌లా కనబడుతుంది, కాబట్టి దెబ్బ తగిలిందన్న కథను నమ్మి వదిలేయకూడదు. ఒకే చనుమొన నుంచి, ఒకే రంధ్రం నుంచి, నొక్కకుండానే రక్తం వస్తే నాళంలో పాపిలోమా అనే చిన్న గడ్డ ఉండే అవకాశముంది, ఆ ఒక్క నాళాన్ని తీస్తారు. చంకలో రెండువైపులా మెత్తగా ఉబ్బి, గర్భంలో పెద్దదయ్యేది సాధారణంగా అదనపు రొమ్ము కణజాలం.

పేరు ఎలా తేలుస్తారు

బ్రిటిష్ రచయిత్రి ఫ్రాన్సిస్ బర్నీకి 1811 సెప్టెంబరు 30న పారిస్‌లో రొమ్ము తీసేశారు. మత్తు మందు పుట్టని కాలం. కోసిన బృందంలో నెపోలియన్ సైన్య వైద్యుడు లారే ఉన్నాడు. క్యాన్సర్ అన్నారు. ఆమె ఆ తర్వాత దాదాపు 28 ఏళ్లు బతికి 1840లో, 87వ ఏట చనిపోయింది. అది నిజంగా క్యాన్సరేనా అని తర్వాతి వైద్యులు అనుమానించారు, కానీ తేల్చే దారి లేదు. చేతి స్పర్శ తప్ప ఆనాడు మరో పరీక్ష లేదు మరి.

1970ల దాకా అమెరికాలో కూడా పరిస్థితి అంత గొప్పగా లేదు. గడ్డ ఉన్న స్త్రీకి మత్తు ఇచ్చి ముక్క తీసి, అప్పటికప్పుడే చూసి, క్యాన్సర్ అనిపిస్తే అదే బల్ల మీద రొమ్ము మొత్తం తీసేవారు. మెలకువ వచ్చేదాకా తన రొమ్ము ఉందో లేదో ఆమెకు తెలియదు. రోజ్ కుష్నర్ అనే పాత్రికేయురాలు, తానూ ఆ జబ్బు బారిన పడి, దీనికి ఎదురు తిరిగింది. 1979లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల సమావేశం ముక్క పరీక్షను, ఆపరేషన్‌ను విడివిడిగా చేయాలని సిఫారసు చేసింది. ముందు పేరు, తర్వాతే కత్తి అన్న ఇవాళ్టి పద్ధతి వెనక ఇంత పోరాటం ఉంది.

ఇప్పుడు మూడు పరీక్షలు కలిపి చూస్తారు. మొదటిది డాక్టరు చేతితో చూడటం. రెండోది బొమ్మ తీయడం: 30 ఏళ్లలోపు అల్ట్రాసౌండ్, 40 దాటితే మమోగ్రామ్, దానికి తోడు అల్ట్రాసౌండ్, మధ్య వయసువారికి డాక్టరు నిర్ణయం. చిన్న వయసులో రొమ్ము దట్టంగా ఉండి మమోగ్రామ్‌లో అంతా తెల్లగా కనబడుతుంది, గడ్డ దాక్కుంటుంది. మమోగ్రామ్‌లో అందే రేడియేషన్ సుమారు 0.4 మిల్లీసీవర్టు, ప్రకృతి నుంచి కొద్ది వారాల్లో మనకు అందేంత. మూడోది సూది. సన్నసూదితో కణాలు తీయడం చవక, త్వరగా ఐపోతుంది. లావుపాటి సూదితో సన్నని ముక్క తీసే కోర్ బయాప్సీ నమ్మకమైనది, అక్కడికి మాత్రమే మత్తు ఇచ్చి చేస్తారు. సూది గుచ్చితే గడ్డ రేగుతుందని, క్యాన్సర్ పాకుతుందని ఊళ్లలో ఉన్న భయానికి ఆధారం లేదు. ఆ భయంతో పరీక్ష వాయిదా వేసుకోవడం వల్లే నష్టం.

రిపోర్టులో ‘బైరాడ్స్’ అని ఒక అంకె ఉంటుంది. 1 అంటే మామూలు. 2 అంటే కచ్చితంగా బినైన్. 3 అంటే క్యాన్సర్ అవకాశం 2 శాతం మించదు, ఆరు నెలలకు మళ్లీ చూడాలి. 4, 5 అంటే ముక్క పరీక్ష తప్పదు. 0 అంటే భయం కాదు, ఇంకా బొమ్మలు కావాలని అర్థం. మూడు పరీక్షలూ ఒకే మాట చెబితే ఆ మాటను నమ్మవచ్చు. చేతికి రాయిలా తగిలిన గడ్డకు ముక్క పరీక్షలో ఏమీ లేదని వస్తే ఊరట పడే బదులు ఆ పరీక్ష మళ్లీ చేయించాలి.

తర్వాత క్యాన్సర్ వస్తుందా

అమెరికాలోని నాష్‌విల్‌లో డూపాంట్, పేజ్ 10 వేలకు పైగా బినైన్ బయాప్సీలను తిరిగి చూసి, 3 వేలకు పైగా స్త్రీల తదుపరి జీవితాన్ని పరిశీలించి 1985లో ఈ ప్రశ్నకు జవాబిచ్చారు. వారిలో 70 శాతం మందికి మామూలు స్త్రీల కంటే ఎక్కువ ముప్పేమీ లేదు. కణాల సంఖ్య పెరిగి, రూపం మారనివారిలో ముప్పు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు. కణాల రూపం కూడా మారిన ‘ఎటిపికల్ హైపర్‌ప్లేసియా’లో నాలుగు రెట్ల వరకు. ఈ చివరి మాట రిపోర్టులో ఉంటే గడ్డ బినైనే ఐనా ఊరుకోకూడదు. ఆ భాగాన్ని తీసి పూర్తిగా పరీక్షించడం, ఏటా మమోగ్రామ్ చేయించడం, కొందరికి ముప్పు తగ్గించే మాత్రలు ఇవ్వడం అవసరమవుతాయి.

ఎప్పుడు చూపించుకోవాలి

నెలకోసారి అద్దం ముందు స్వీయపరీక్ష చేసుకోమని ఒకప్పుడు ప్రతి కరపత్రంలో రాసేవారు. చైనాలోని షాంఘైలో 2,66,000కు పైగా మిల్లు కార్మికురాళ్లతో జరిగిన అధ్యయనం ఫలితం 2002లో వెలువడింది. స్వీయపరీక్ష నేర్పిన గుంపులో క్యాన్సర్ మరణాలు తగ్గలేదు, బినైన్ గడ్డలకు బయాప్సీలు మాత్రం పెరిగాయి. అందువల్ల ఇప్పుడు పట్టిక ప్రకారం వెతకడం కంటే, తన రొమ్ము మామూలుగా ఎలా ఉంటుందో తెలుసుకుని, తేడా కనబడగానే చూపించుకోమంటున్నారు. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్త చేతితో చూసే పరీక్షకు మాత్రం విలువ ఉంది. ముంబైలో టాటా మెమోరియల్ ఆసుపత్రి లక్షన్నర మంది స్త్రీలతో 1998 నుంచి రెండు దశాబ్దాలు నడిపిన అధ్యయనంలో, రెండేళ్లకోసారి ఇలా చూడటం వల్ల 50 ఏళ్లు దాటినవారిలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. మన జాతీయ కార్యక్రమంలో 30 ఏళ్లు దాటిన స్త్రీలకు ఈ పరీక్ష ఉంది, ఊళ్లోని ఆరోగ్య కేంద్రంలోనే ఏఎన్‌ఎం చేస్తారు, ఖర్చు లేదు.

నెలసరి వచ్చి వెళ్లినా పోని గడ్డ, చర్మం సొట్టపడటం, నారింజ తొక్కలా మారడం, చనుమొన కొత్తగా లోపలికి పోవడం, దాని మీద మానని పుండు, రక్తస్రావం, చంకలో గడ్డ, వీటిలో ఏది కనబడినా రోజులు లెక్కపెట్టకుండా వెళ్లండి. తల్లికో అక్కచెల్లెళ్లకో రొమ్ము, అండాశయ క్యాన్సర్ వచ్చి ఉంటే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి. గడ్డ బినైన్ అని తేలితే ఆ రిపోర్టులు, స్కానింగ్ ఫిల్ములు, స్లైడ్లు, ముక్కను భద్రపరిచిన మైనపు దిమ్మె ఆసుపత్రి నుంచి అడిగి తీసుకుని దాచుకోండి. ఐదేళ్ల తర్వాత అదే చోట మరో గడ్డ తగిలితే, కొత్త డాక్టరు మొదట అడిగేవి అవే.